తోడు

మేడగది అద్దెకు తీసుకున్న రెత్నో
పశువైద్యం చదువుతోంది.
ఒక బుధవారం కబేళాలో క్లాసట.
తిరిగొచ్చి, బూట్లయినా విప్పకుండా
నా గుమ్మంలో కూలబడింది.
ఆనాటినుంచి మాంసం లేదు, చేప లేదు,
గుడ్డు లేదు, చివరికి పాలూ లేవు.

మంచిదే, అన్నాను.
నేనూ అరవై ఏళ్ళుగా ఇంచుమించు అంతే,
మా ఇంట్లో దానికి నెలాఖరు అని పేరు.

నవ్వలేదు పిల్ల.
వంటగట్టు మీద చిన్న త్రాసు పెట్టింది,
అరచేతి వెడల్పు, ఆకుపచ్చ అంకెలు.
బఠాణీలు తూచేది, వేరుశనగలు తూచేది,
ఒంటి బరువుకు ఇన్ని గ్రాములని ఫోన్‌లో రాసుకునేది.
రాత్రి, లెక్కలో తక్కువపడ్డ గ్రాముల కోసం
దీపం వెయ్యకుండా నిలబడి ఏదో పొడి కలుపుకు తాగేది.
ఆ డబ్బా ఖరీదు నా పదిరోజుల అమ్మకం.
మూత మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ.
ఏం తింటాడో రాశారు,
ఎవరితో తింటాడో రాయలేదు.

గ్రాముల లెక్క నాకూ తెలుసమ్మా.
సోయా గింజలు ఓడెక్కి వస్తాయి మా మలాంగ్‌కి.
డాలరు లావెక్కితే నా టెంపే ముక్క చిక్కిపోతుంది.
ధర పెంచితే బజారులో ఊరుకోరు,
మందం తగ్గిస్తే ఊరుకుంటారు,
చూడనట్టు చూసి.

సురబయ నుంచి తల్లి ఫోను:
గుడ్డయినా తిను, జుట్టు రాలిపోతుంది.
మూడో నెలలో, తెల్లవారుజామున,
నీళ్ళ తొట్టి దగ్గర కళ్ళు తిరిగి పడింది పిల్ల.
కనుబొమ్మ చిట్లింది.
చేతిలో చెంబు మాత్రం వదల్లేదు.

ఆసుపత్రిలో నర్సు సుమియాతి
కుట్లు వేస్తూనే అడిగింది, అన్నం మానేశావా?
మానేసిందట. గ్రాములకు చోటు చెయ్యాలని.
పిచ్చిదానా, అంది నర్సు,
పొయ్యిలో కట్టెలు లేక
ఇంటి దూలాలు విరగ్గొట్టి కాలుస్తున్నావు.
అన్నంలో కొరవడింది గింజలో ఉంటుంది,
గింజలో కొరవడింది అన్నంలో.
రెండూ తిను. కడుపునిండా తిను.
ఇంకొకటేదో ఈ తిండిలో దొరకదట, దానికి మాత్ర రాసింది.
రాయనీ.
అన్నీ నా ఆకులోనే ఉన్నాయని నేనెప్పుడన్నాను?

కుట్లు విప్పిన మర్నాడు తనే దిగొచ్చింది,
మూడు గంటలకు, నేను లేచే వేళకి.
నానిన గింజల పులిసిన వాసనకి ముక్కు మూసుకుంది.
బుట్టలో దిగి తొక్కమన్నాను.
పొట్టు ఊడి మడమల చుట్టూ తేలింది.
మెత్తటి మనిషిని మావైపు
టెంపే బుద్ధి అని తిడతారు.
ఆ తిట్టు పుట్టించినవాడు
ఒక్క పూటయినా బుట్టలో నిలబడి ఉండడు.

ఉడికించి, ఆరబెట్టి, తోడు చల్లాం.
తోడు లేకపోతే అవి ఉత్త గింజలు,
దేని దారి దానిది,
పళ్ళెం వంచితే దొర్లిపోతాయి.
అరటాకులో చుట్టి, గోనె కప్పి, వదిలేశాం.

మరునాడు గోనె కింద చెయ్యి పెట్టి
ఉలిక్కిపడింది రెత్నో.
జ్వరమొచ్చిన బిడ్డ వీపులా ఉంది, అవ్వా!
కింద కుంపటి పెట్టావా?
లేదు, ఆ వేడి వాటిదే.
ఆకు విప్పితే తెల్లటి నూగు,
గింజకీ గింజకీ మధ్య సందు లేకుండా.
కోస్తే కత్తికి ఎదురు చెప్పింది ముక్క.

త్రాసు ఇప్పుడు నా గట్టు మీదుంది.
నా మూడువేళ్ళ చిటికె తూచి చూశాం.
ఒకసారి రెండు, ఒకసారి మూడు,
ఇంకోసారి అంకె కదల్లేదు.
నిన్నటి దొంతర చెడిపోయింది కూడా.
వాన, ఏం చేస్తాం.

ఇవాళ్టిది బాగా వచ్చింది.
మెట్టు మీద కూర్చుని తింటోంది పిల్ల,
వేడి అన్నం, మిరపకాయ నూరిన పచ్చడి,
వేయించిన ముక్కలు ఎన్నో నేను చూడలేదు.
ఎన్ని గ్రాములే, అని నేనే అడిగాను.
నోటినిండా ఉంది.
ఎడమచెయ్యి ఊపింది,
ఈగను తోలినట్టు.